మడమ మిషన్ మీద ఎముకల టెస్ట్: ఉచిత క్యాంపులో ఏది నమ్మొచ్చు, ఏది వదిలేయాలి

మందుల షాపు ముందు టెంటు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు, దాని పక్కన బూటు ఆకారంలో ఒక మిషన్, పైన 'ఉచిత ఎముకల బలం పరీక్ష' అని ఫ్లెక్సీ. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఆదివారం పూట ఇది మామూలు దృశ్యం అయిపోయింది. రెండు ఊళ్లలో చెరొక క్యాంపు మొదట్నుంచి చివరిదాకా చూసి రాస్తున్న సమీక్ష ఇది. షాపుల పేర్లు వేయడం లేదు. తేడా పద్ధతిలో ఉంది, ఆ పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఇదే.

మార్కులు ముందే చెప్పేస్తాం. మిషన్‌కి ఐదుకి మూడున్నర. దాన్ని వాడిన తీరుకి రెండు. చీటీ చేతికొచ్చాక అంటగట్టే మందుల కవరుకి ఒకటి, అదైనా అందులో ఒక వస్తువు పనికొస్తుంది కాబట్టి.

మిషన్ సంగతి. ఇది ఎక్స్-రే కాదు, కడుపు స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ లాంటిదే. మడమకి రెండు పక్కలా రెండు మెత్తలు ఆనుకుంటాయి. ఒకటి శబ్దాన్ని పంపుతుంది, అవతలిది అందుకుంటుంది. ఎముకలోంచి శబ్దం ఎంత వేగంగా దాటింది, దారిలో ఎంత బలం పోగొట్టుకుంది అని రెండు లెక్కలు తీసి, కలిపి ఒక అంకె ఇస్తుంది. ఎముక దట్టంగా ఉంటే రెండు లెక్కలూ పెరుగుతాయి, పలచబడితే తగ్గుతాయి. మడమనే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ ఎముకలో నూటికి తొంభై పాళ్లు స్పాంజిలా చిల్లులు చిల్లులుగా ఉండే రకమే. వెన్నుపూసల్లోనూ ఎక్కువగా ఉండేది అదే, ముట్లు ఆగాక ముందుగా అరిగేదీ అదే. పైగా మడమ పక్కలు బల్లపరుపుగా ఉంటాయి, మీద కండ పట్టి ఉండదు. ఆలోచన మంచిదే. పెద్దవయసు ఆడవాళ్లలో మడమ అంకె బాగా తక్కువ వచ్చినవాళ్లకి తుంటి విరిగే ప్రమాదం ఎక్కువని పెద్ద పెద్ద అధ్యయనాల్లోనే తేలింది. అంచేత జల్లెడ పట్టడానికి ఇది పనికొస్తుంది. జబ్బు పేరు పెట్టడానికి పనికిరాదు. క్యాంపుల్లో గొడవంతా ఈ రెండింటినీ కలిపేయడంతోనే వస్తోంది.

వాడిన తీరులో ఏం తేడా వచ్చిందో దగ్గర్నుంచి చూద్దాం. శబ్దానికి గాలి అంటే పడదు. మెత్తకీ చర్మానికీ మధ్య చిన్న గాలి బుడగ ఉన్నా శబ్దం అక్కడే వెనక్కి తిరుగుతుంది. మన ఊళ్లో పొలం పనికీ, జీడిపప్పు బట్టీకీ, చేపల రేవుకీ వెళ్లే ఆడవాళ్ల మడమలు పగుళ్లతో, గట్టిపడ్డ తోలుతో ఉంటాయి. ఆ పగుళ్లలో గాలి, మట్టి, పసుపు. పద్ధతి ప్రకారం మడమ రెండు పక్కలా స్పిరిట్ దూదితో గట్టిగా తుడవాలి, ఆరాక జెల్ ధారాళంగా రాయాలి, పగుళ్లలోకి వేలితో అదమాలి. కాలు గాడిలో పెట్టేటప్పుడు రెండో వేలు, మోకాలి చిప్ప, తుంటి ఒకే గీతలో ఉండాలి. పాదం అర అంగుళం ముందుకి జరిగినా శబ్దం మడమలో వేరే చోటి నుంచి దాటుతుంది, అంకె మారిపోతుంది. ఒకసారి చూశాక కాలు తీసి, మళ్లీ పెట్టి రెండోసారి చూడాలి. రెండూ దగ్గరగా వస్తేనే చీటీ తీయాలి. శ్రీకాకుళం క్యాంపులో దూది లేదు, జెల్ పొదుపు, ఒక్కసారితో సరి. విజయనగరంలో తుడిచారు, జెల్ బాగానే రాశారు, కానీ రెండోసారి చూడడం అక్కడా లేదు.

కాలు వాచి ఉన్నవాళ్లని కూడా కూర్చోబెట్టేశారు. వాపులో నీరు చేరి శబ్దం వేగాన్ని తగ్గిస్తుంది, ఎముక బాగున్నా అంకె పడిపోతుంది. వేడి కూడా లెక్క మారుస్తుంది. మే నెలలో రేకుల నీడ కింద పెట్టిన మిషన్, ఏసీ గదిలో పెట్టిన మిషన్ ఒకే మడమకి ఒకే అంకె ఇవ్వవు. అందుకే మిషన్‌తో పాటు ఫాంటమ్ అని ఒక ప్లాస్టిక్ దిమ్మ వస్తుంది. దాని అంకె ముందే తెలుసు. పొద్దున్నే, క్యాంపు పెట్టిన చోటే, దాన్ని గాడిలో పెట్టి చూసి, తెలిసిన అంకె వస్తేనే జనాన్ని పిలవాలి. విజయనగరంలో ఆ పని చేసి, ఆ చీటీ టేబులుకి అంటించారు. వాడిన తీరుకి ఇచ్చిన రెండు మార్కుల్లో ఒకటి దానికే. శ్రీకాకుళంలో ఫాంటమ్ పెట్టె సంచీలోంచి బయటికే రాలేదు. మీరు వెళ్లినప్పుడు 'ఈ రోజు ఫాంటమ్ చీటీ ఏదండీ?' అని అడగండి. చూపించారా, కూర్చోండి. మొహమొహాలు చూసుకున్నారా, లేచి వచ్చేయండి.

ఇంకో రకం ఉంది, చేతిలో ఒక లోహపు కడ్డీ పట్టుకోమని, నిమిషంలో ఎముకలు, కాలేయం, కిడ్నీ, విటమిన్లు అన్నిటి మీదా నలభై పేజీల రిపోర్టు తీసే 'క్వాంటమ్' పెట్టె. దాన్ని దీంతో పోల్చడం కూడా తప్పు. అది ఎముకని చూడదు, అసలు దేన్నీ చూడదు. అది కనిపిస్తే చెప్పులు విప్పక్కర్లేదు.

ఇక చీటీ. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు పట్టీలు, దాని మీద ఒక చుక్క, పక్కన 'టీ స్కోర్ మైనస్ 1.8, ఆస్టియోపీనియా' అని అచ్చు. టీ స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న ఇరవైల్లోని వాళ్ల సగటు నుంచి మీ ఎముక ఎంత కిందికి ఉందో చెప్పే కొలత. మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య పలచన, అంటే ఆస్టియోపీనియా, మైనస్ 2.5, అంతకంటే కింద ఎముక గుల్లబారే ఆస్టియోపొరోసిస్ అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు గీసింది. ఆ గీతలు గీసింది డెక్సా అనే ఎక్స్-రే స్కాన్‌కి, తుంటి, వెన్ను, ముంజేతి ఎముకల దగ్గర. మడమ మిషన్ అంకెలు వేరే రకం. పేరు టీ స్కోరే అయినా ఆ గీతలు దీనికి అతకవు. మిషన్‌ని బట్టి మడమ దగ్గర మైనస్ 1.8 వచ్చినవాళ్లకే తుంటి దగ్గర మైనస్ 2.5 దాటి ఉండొచ్చు. కాబట్టి పసుపు పట్టీ చూసి 'ఫరవాలేదులే' అనుకోవడమూ, ఎరుపు చూసి ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టడమూ, రెండూ పొరపాటే.

వయసు లెక్క ఇంకోటి. ముట్లు ఆగని ఆడవాళ్లకి, యాభై లోపు మగవాళ్లకి టీ స్కోర్ వాడకూడదు. వాళ్లని వాళ్ల ఈడువాళ్లతోనే పోల్చాలి, దాన్ని జెడ్ స్కోర్ అంటారు. అది మైనస్ 2, అంతకంటే కింద ఉంటేనే వయసుకి తగ్గట్టు లేదని రాయాలి. 28 ఏళ్ల అమ్మాయికి 'ఆస్టియోపీనియా' అని అచ్చేసి ఇస్తే ఆ పిల్లకి జబ్బు ఉన్నట్టు కాదు, మిషన్‌లో వయసు సరిగ్గా కొట్టలేదని అర్థం, లేదా కొట్టినా ఎవరూ పట్టించుకోలేదని.

మిషన్ కంటే ఎక్కువ పని చేయగలిగేది టేబులు మీదున్న ఫారం. పదో పన్నెండో ప్రశ్నలు. ఎముక విరుగుతుందా లేదా అన్నది అంకె కంటే వీటి మీదే ఎక్కువ తెలుస్తుంది. అక్కడే అందరికంటే ఎక్కువ నిర్లక్ష్యం. శ్రీకాకుళం క్యాంపులో ఒక పెద్దావిడతో జరిగిన మాట ఇది:

'స్మోకింగ్ ఉందా మామ్మా?'

'అదేటి బాబూ?'

'సిగరెట్టు కాలుస్తావా అని.'

'సిగరెట్టా! అవేటీ నానెరగను.'

కుర్రాడు 'లేదు' దగ్గర టిక్కు పెట్టేశాడు. ఆవిడ పై పెదవి మీద మచ్చ కనిపిస్తూనే ఉంది. అడగాల్సింది 'సుట్ట కాలుస్తావా, అడ్డపొగ ఏస్తావా' అని. సముద్రం ఒడ్డు ఊళ్లలో నిప్పు నోట్లోకి తిప్పి చుట్ట కాల్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొగాకు ఎముకకి నేరుగా చేటు, పైగా ముట్లు తొందరగా ఆగేలా చేస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో వాడే ఫారంలో చుట్ట లేకపోతే ఆ ప్రశ్న ఉన్నా లేనట్టే.

'ముట్లు ఎప్పుడు ఆగాయి?' అన్న ప్రశ్నదీ అదే కథ. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది, అదీ ముప్పైల్లోనే. వాళ్లలో కొందరికి అండాశయాలు కూడా తీసేస్తారు. అలాంటి ఆవిడకి ఎముకని కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ 36 ఏళ్లకే ఆగిపోయినట్టు. నలభై ఆరు ఏళ్లు వచ్చేసరికి ఎముక పదేళ్లుగా అరుగుతూ ఉంటుంది. ఫారంలో 'ఆపరేషన్ అయిందా, అండాశయాలు ఉన్నాయా తీసేశారా' అని విడిగా అడగాలి. ఆవిడకి తెలియకపోతే పాత డిశ్చార్జి కాగితంలో ఉంటుంది.

మూడోది స్టెరాయిడ్. ఆయాసానికీ, కీళ్లనొప్పులకీ ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల బిళ్ల, పొట్లంలో కట్టిన పొడి. ప్రెడ్నిసొలోన్ రోజుకి 5 మి.గ్రా. చొప్పున మూడు నెలలు దాటి వాడితే ఎముకకి లెక్కలోకి వచ్చే ప్రమాదమే. పేరు తెలియని బిళ్ల వేసుకుంటే మొహం గుండ్రంగా ఉబ్బడం, నొప్పి మాయమై ఆపగానే రెట్టింపు అవడం చూసి గుర్తుపట్టాలి. 'మందులేమైనా వాడుతున్నారా' అంటే 'బీపీ బిళ్ల' అని మాత్రమే చెబుతారు. నొప్పుల పొడి మందని ఎవరూ అనుకోరు.

నాలుగోది ఎత్తు. రెండు క్యాంపుల్లోనూ గోడకి స్కేలు లేదు. పెళ్లినాటి ఎత్తు కంటే ఇప్పుడు 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నుపూస ఎక్కడో కుంగిందని అనుమానించాలి. పాత ఎత్తు గుర్తులేనివాళ్లకి ఇంకో సులువు పరీక్ష ఉంది: మడమలు, పిరుదులు గోడకి ఆన్చి నిటారుగా నిలబడమనండి, తల వెనక భాగం గోడకి తగలకపోతే వెన్ను ఎక్స్-రే తీయించాలి. పైసా ఖర్చు లేదు. లక్షల మిషన్ కొన్నవాళ్లు ఇది చేయకపోవడం వింతే.

ఇప్పుడు క్యాంపులో చెప్పే 'మూడు నెలల కోర్సు వాడి, వచ్చే క్యాంపులో మళ్లీ టెస్ట్ చేయించుకోండి' అనే మాట దగ్గరికి వద్దాం. ఇది అబద్ధమని చెప్పడానికి ఎముక లోపల ఏం జరుగుతుందో తెలిస్తే చాలు. ఎముకలో ఎప్పుడూ మరమ్మతు నడుస్తూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకని తవ్వుతాయి, ఒక చోట గుంట తవ్వడానికి రెండు మూడు వారాలు. ఆస్టియోబ్లాస్టులు దాన్ని పూడుస్తాయి, దానికి మూడు నాలుగు నెలలు. పైపుల కోసం రోడ్డు తవ్వినట్టే: తవ్వడం బేగి అయిపోతుంది, పూడ్చడానికి ఏళ్లూ పూళ్లూ. పెద్దవాళ్లలో ఏడాదికి మొత్తం అస్థిపంజరంలో పదో వంతు ఇలా కొత్తదవుతుంది. తవ్వేవాళ్ల సంఖ్యని అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్. అది తగ్గగానే తవ్వకాలు పెరుగుతాయి, పూడిక వెనకబడుతుంది. మరి ఎక్కడ తవ్వాలో, ఎక్కడ కట్టాలో చెప్పేదెవరంటే, ఎముక లోపల చిక్కుకుపోయి ఉండే ఆస్టియోసైట్లు. ఎముక కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. శరీరం బరువు ఎముక మీద పడ్డప్పుడల్లా వీటికి తెలుస్తుంది. బరువు పడకపోతే స్క్లెరోస్టిన్ అనే పదార్థం వదిలి కట్టుబడిని ఆపించేస్తాయి. మంచం పట్టినవాళ్ల ఎముక కరిగిపోయేది ఇందుకే.

ఇందులో కాల్షియం బిళ్ల పాత్ర ఎంత? ఇసుక, సిమెంటు అంత. ఇసుక లారీ ఇంటి ముందు దింపినంత మాత్రాన మేస్త్రీ రాడు, తవ్వేవాడు ఆగడు. మేస్త్రీనీ తవ్వేవాణ్నీ కదిలించే అసలు మందులు వాడినా వెన్ను సాంద్రత మొదటి ఏడాదిలో పెరిగేది నూటికి నాలుగైదు పాళ్లే. మూడు నెలల్లో వచ్చే మార్పు, మడమ కాస్త అటూ ఇటూ పెట్టినప్పుడు వచ్చే తేడాలో కలిసిపోతుంది. ఏప్రిల్‌లో పసుపు, జులైలో ఆకుపచ్చ వచ్చిందంటే మారింది పాదం పెట్టిన తీరు, లేదా వాతావరణం. మందు పనిచేస్తోందా లేదా చూడడానికి మడమ మిషన్ వాడకూడదని ఈ రంగం నిపుణులంతా ఒప్పుకున్న మాటే.

కవరు విప్పుదాం. రెండు క్యాంపుల కవర్లలోనూ ఉన్నవి దాదాపు ఒకటే: కాల్షియం బిళ్లల డబ్బా, 'కోరల్ కాల్షియం' అని ఇంకో డబ్బా, విటమిన్ డి పొడి ప్యాకెట్లు. శ్రీకాకుళంలో అదనంగా ఎముక అరుగుదలని తగ్గించే, వారానికొకటి వేసుకునే అలెండ్రొనేట్ 70 మి.గ్రా. బిళ్లలు, డాక్టరు చూడకుండానే.

బిళ్ల డబ్బా మీద అంకె చదవడం తెలియాలి. 'కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా.' అంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా., నూటికి నలభై పాళ్లు. సిట్రేట్ అయితే ఇరవై ఒక్క పాళ్లే, 1000 మి.గ్రా. బిళ్లలో 210. కోరల్ అన్నది పగడపు దిబ్బల నుంచి తీసిన కార్బొనేటే, పేరుకి తప్ప తేడా లేదు. అంచేత రెండు డబ్బాలూ కొన్నవాళ్లు ఒకే వస్తువుని రెండు ధరలకి కొన్నట్టు. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ బిళ్ల, అంటే పాంటొప్రజోల్ లాంటిది రోజూ వేసుకునేవాళ్లకి సిట్రేట్ నయం. ఒక్కసారికి 500 కంటే ఎక్కువ వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. థైరాయిడ్ బిళ్లకీ దీనికీ నాలుగు గంటల ఎడం, ఐరన్ బిళ్లకి రెండు గంటలు. బిళ్ల కరిగే రకమో కాదో చూడాలంటే అర గ్లాసు వెనిగర్‌లో వేసి అప్పుడప్పుడు కలుపుతూ అరగంట ఆగండి. ముక్కలై విడిపోవాలి. రాయిలా అడుగున కూర్చుంటే కడుపులోనూ అంతే.

అసలు ఎంత కావాలి? 2020లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క పెద్దవాళ్లకి రోజుకి 1000 మి.గ్రా., ముట్లు ఆగినవాళ్లకి 1200. మన వంటింట్లో లెక్క వేయండి. చోడి (రాగి) పిండి 100 గ్రాముల్లో 364 మి.గ్రా. ఉంటుంది. గ్లాసు అంబలికి 30 గ్రాముల పిండి పడితే 110. రెండు గ్లాసులకి 220. పాలు 200 మి.లీ.కి 240. కప్పు పెరుగుకి సుమారు 200. అక్కడికే 660. చెంచాడు నువ్వులు 10 గ్రాములు అనుకుంటే ఇంకో 120, మునగాకు కూర, ముల్లుతో నమిలి తినే ఎండు నెత్తళ్లు ఉంటే ఇంకా పైకి. అంబలి రాత్రంతా పులియడం వల్ల చోడిలో కాల్షియాన్ని పట్టేసుకునే ఫైటేట్ తగ్గుతుంది కూడా, కాబట్టి చోడి జావ కంటే పులిసిన అంబలే మేలు. ఈ తిండి తినేవాళ్లకి తక్కువ పడేది మూడు నాలుగు వందలు, ఒక బిళ్ల చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. టీలో తప్ప పాలు ముట్టని, చోడి మానేసి మూడు పూటలా తెల్ల బియ్యమే తినేవాళ్లకి రెండు కావచ్చు. కవరు మీద మాత్రం అందరికీ ఒకటే చీటీ: పొద్దున రెండు, రాత్రి రెండు.

విటమిన్ డి పొడి ప్యాకెట్టే ఆ కవరులో పనికొచ్చే వస్తువు. కొలెకాల్సిఫెరాల్ 60,000 యూనిట్లు, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి. ఇది మామూలు పద్ధతే. పాలల్లో కలిపి, తిన్నాక తాగితే బాగా పడుతుంది, ఎందుకంటే ఇది నూనెలో కరిగేది. జరిగే పొరపాటు, వారానికొకటి అన్నది వినకుండా రోజుకొకటి వేసేసుకోవడం. రెండో పొరపాటు, ఇది వేసుకుంటూనే కాల్సిట్రయాల్ కలిసిన కాల్షియం బిళ్ల కూడా వేసుకోవడం. కాల్సిట్రయాల్ అంటే కిడ్నీ చేయాల్సిన పని ముందే అయిపోయిన విటమిన్ డి. రెండూ కలిస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మత్తు వస్తాయి, కిడ్నీలో రాళ్లూ పడతాయి. ఏడాదికి ఒక్కసారి పెద్ద డోసు కొడితే పోతుందనుకునే వాళ్లకి: ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలూ విరగడాలూ పెరిగాయని 2010లో తేలింది.

అరసవల్లి ఉన్న జిల్లాలో విటమిన్ డి కొనుక్కోవడమేమిటని అడుగుతారు. ప్రశ్న న్యాయమే. కానీ రథసప్తమి పొద్దుటి నీరెండలో చర్మంలో విటమిన్ డి తయారయ్యే కిరణాలు దాదాపు ఉండవు. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా పడే వేళ, అంటే పదిన్నర దాటాక రెండు లోపు, చేతులు, కాళ్లు, మొహం మీద ఎండ పడాలి. తెల్లారి నడిచి వచ్చి, ఎండెక్కాక తలుపులు వేసుకునేవాళ్లకి లోటు ఉంటుంది. పొలంలో పనిచేసేవాళ్లకి అంత ఉండదు.

అలెండ్రొనేట్ బిళ్లలు డాక్టరు లేకుండా ఇవ్వడం మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. అది పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్లతో మింగాలి, తర్వాత అరగంట దాకా పడుకోకూడదు, టీ కూడా తాగకూడదు. బిళ్ల గొంతులో ఆగితే అన్నవాహిక పుండు పడుతుంది. అన్నీ సరిగ్గా చేసినా ఒంటికి పట్టేది నూటికి ఒక పాలు లోపే. టీతోనో, కాల్షియం బిళ్లతో కలిపో మింగితే అదీ పోతుంది. కవరు మీది చీటీలో కాల్షియమూ ఇదీ రెండూ 'పొద్దున' అనే రాసి ఉన్నాయి.

అంతకంటే పెద్ద చిక్కు ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, మందస వైపు నుంచి జనం ఈ క్యాంపులకి బస్సుల్లో వస్తారు. అక్కడ కారణం తేలని కిడ్నీ జబ్బు ఎంతమందిలో ఉందో జిల్లాలో తెలియనివాళ్లు లేరు, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023లో తెరిచింది కూడా దానికోసమే. కిడ్నీ దెబ్బతింటే ఎముక జబ్బే వేరు. ఫాస్ఫరస్ పేరుకుంటుంది, విటమిన్ డి చివరి మెట్టు ఎక్కదు, మెడ దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకని తవ్విస్తాయి. కొందరిలో దీనికి పూర్తి ఎదురుగా, మరమ్మతే ఆగిపోయి ఎముక మొద్దుబారుతుంది. మడమ మిషన్‌కి ఇవేవీ తెలియవు, 'తక్కువ' అని మాత్రం చెబుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఇలాంటివాళ్లకి రోజుకి నాలుగు కాల్షియం బిళ్లలు ఇస్తే ఆ కాల్షియం రక్తనాళాల గోడల్లో చేరుతుంది. కిడ్నీ వడపోత నిమిషానికి 35 మి.లీ. కంటే తగ్గినవాళ్లకి అలెండ్రొనేట్, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇవ్వొద్దని మందు కాగితంలోనే ఉంటుంది. ఆర్నెల్లకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ డయాలసిస్ వాళ్లలో కాల్షియాన్ని ప్రాణాపాయంగా పడేస్తుందని 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఉద్దానం మనిషికి మొదటి ఎముకల టెస్ట్ మడమ మీద కాదు, రక్తంలో.

ఆ రక్తపరీక్షలు మిగతావాళ్లకీ కావాలి: కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, 25-హైడ్రాక్సీ విటమిన్ డి. ఒంటి ఎముకలన్నీ లాగడం, కింద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోవడం, ఫాస్ఫరస్ తక్కువ, ఫాస్ఫటేజ్ ఎక్కువ, ఇవి కలిసి ఉంటే అది ఆస్టియోపొరోసిస్ కాకపోవచ్చు, ఎముక మెత్తబడే ఆస్టియోమలేసియా కావచ్చు. డెక్సాలో రెండూ ఒకేలా 'తక్కువ' అని వస్తాయి. మొదటిదనుకుని దాని ఇంజెక్షన్ చేస్తే కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. రెండోదానికి అసలు మందు ఆ విటమిన్ డి పొడి ప్యాకెట్టే. అన్నట్టు, రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి ప్రపంచమంతా దశాబ్దాలు వాడిన పద్ధతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఇచ్చిందే. ఆ పరీక్ష రాయడం మాత్రం మన దగ్గరే మర్చిపోతారు.

క్యాంపు చీటీ పట్టుకుని డెక్సాకి ఎవరు వెళ్లాలి? 65 దాటిన ఆడవాళ్లు అందరూ. అంతకు లోపు ముట్లు ఆగి, పైన చెప్పిన ఫారం ప్రశ్నల్లో ఏ ఒక్కదానికైనా 'అవును' అన్నవాళ్లు. కూర్చున్న ఎత్తు నుంచో నిలబడ్డ ఎత్తు నుంచో పడి మణికట్టు విరిగినవాళ్లు వయసుతో పని లేకుండా. ఎక్కువమంది విశాఖే వెళ్తారు, విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది, కాబట్టి ఒకే ప్రయాణంలో సరిగ్గా అయ్యేలా చూసుకోవాలి. ముందురోజు నుంచి కాల్షియం బిళ్ల ఆపేయండి, కరగని బిళ్ల వెన్ను బొమ్మలో తెల్లచుక్కై అంకె పెంచేస్తుంది. బేరియం పరీక్షో, రంగుమందు ఎక్కించి తీసే సీటీయో ఈమధ్యే అయి ఉంటే రెండు వారాలు ఆగండి. మొలతాడు, దానికున్న వెండి తాయెత్తు, పిన్నీసులు, లంగా బొందు దగ్గర దోపిన తాళాలు, అన్నీ తీసేయాలి. రేడియేషన్ ఛాతీ ఎక్స్-రే కంటే తక్కువ, పదిహేను నిమిషాల పని.

వెన్ను, తుంటి రెండూ తీయాలి. అరవై దాటినవాళ్లకి వెన్నులో అరుగుదల వల్ల ఎముక మొలకలు వచ్చి అంకె లేనిపోని గట్టిదనం చూపిస్తుంది, అప్పుడు తుంటినే నమ్మాలి. నాలుగు పూసల్లో ఒకటి పక్కదానికంటే ఒక టీ స్కోర్ పైన ఎక్కువుంటే దాన్ని లెక్కలోంచి తీసేయాలి. తుంటి బొమ్మలో తొడ ఎముక లోపలి వైపున్న చిన్న బుడిపె పెద్దగా కనిపిస్తే పాదం సరిగ్గా లోపలికి తిప్పి కట్టలేదని అర్థం, అంకె తేడా వస్తుంది. ఇవన్నీ డాక్టరు చూడాలంటే బొమ్మలుండాలి. ఒక పేజీ అంకెలిచ్చి పంపేస్తే బొమ్మల పేజీ కూడా అడిగి తీసుకోండి. మిషన్ కంపెనీ, మోడల్ దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఏడాదిన్నరో రెండేళ్లో ఆగి మళ్లీ తీయించేటప్పుడు అదే మిషన్ దగ్గరికి వెళ్లాలి. వేరే మిషన్‌దైతే పాత అంకెతో పోల్చడానికి ఉండదు.